కోడీ వేసి ఉందంటూ అమ్మే టీవీ బాక్సులతో జాగ్రత్త: మీ కంప్యూటర్ రక్షణ తీసేయమంటే బాక్సు వెనక్కి ఇచ్చేయండి

అందరికీ నమస్కారం. కంప్యూటర్లో దాచుకున్న వీడియోలు టీవీలో చూసుకుందామని ఆండ్రాయిడ్ బాక్సు కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. ‘కోడీ ముందే వేసి ఇస్తాం, మీ పీసీ ఫోల్డర్లు నేరుగా టీవీలోకి వచ్చేస్తాయి’ అని ప్రకటనలు కనిపిస్తున్నాయి. కోడీ అంటే మన వీడియోలను టీవీలో ఆడించే యాప్. అలాంటి బాక్సే ఒకటి కొన్నాం. అది పనిచేయాలంటే కంప్యూటర్లో పాస్‌వర్డ్ అడగడం ఆపేయాలట, ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ నుంచి చొరబాట్లను అడ్డుకునే కాపలా) ఆపేయాలట, ఎప్పుడో పక్కన పెట్టేసిన ఎస్ఎంబీ1 అనే పాత ఫోల్డర్ షేరింగ్ పద్ధతిని మళ్లీ ఆన్ చేయాలట. మిమ్మల్నీ ఇలాగే అడిగితే ఒక్కటి కూడా చేయకండి.

మాకు కావలసింది పెద్ద సంగతేం కాదు. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాం. అక్క పెళ్లి, అమ్మానాన్నల షష్టిపూర్తి, ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో తాతయ్య చెప్పిన హరికథ. వాటికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. క్యాసెట్లు బూజు పట్టి పోయాయి. అమ్మ మెట్లెక్కి పైగదిలో కంప్యూటర్ ముందు కూర్చోలేదు కాబట్టి హాల్లో టీవీలో కనిపించాలి, అంతే.

బాక్సు వచ్చింది, టీవీకి తగిలించాం. అందులో కోడీ అని చెప్పిన యాప్ తెరిచి ‘విండోస్ నెట్‌వర్క్’ నొక్కితే ఖాళీ తెర. సరే, కంప్యూటర్ ఐపీ చిరునామా చేత్తో టైపు చేశాం. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది. సరైనవే ఇచ్చినా మళ్లీ మళ్లీ అదే అడుగుతుంది. అవే వివరాలతో ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ నుంచి ఆ ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటోంది. అంటే కంప్యూటర్లో లోపం లేదు. అప్పుడు యాప్‌లో సిస్టమ్ సమాచారం తెరిచి చూస్తే అసలు విషయం బయటపడింది. అది కోడీ కాదు. 2016లో వచ్చిన కోడీ 16ని తీసుకుని, పేరూ బొమ్మా మార్చి, ఎవరో తయారుచేసుకున్న యాప్. ప్లే స్టోర్ నుంచి దానికి అప్‌డేట్ రాదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఒక్కటీ అర్థమైతే అమ్మేవాళ్లు ఏం చెప్పినా మీరు తేల్చుకోగలరు.

విండోస్‌లో ఫోల్డర్ షేర్ చేస్తే అది ఎస్ఎంబీ అనే పద్ధతిలో నెట్‌వర్క్‌లో వెళుతుంది. దాని మొదటి రూపం 1980లలో ఐబీఎంలో పుట్టింది. ఎస్ఎంబీ1ని వాడొద్దని మైక్రోసాఫ్ట్ 2016లోనే బతిమాలినంత పనిచేసింది. 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చినప్పుడు అది ఎందుకో లోకానికి తెలిసింది. ఆ పురుగు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది ఎస్ఎంబీ1లోని లోపం గుండానే. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా ఆ దెబ్బ తగిలింది. ఆ లోపానికి మందు రెండు నెలల ముందే, 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లు బలైపోయారు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, కొత్తగా విండోస్ వేసుకుంటే ఎస్ఎంబీ1తో ఫోల్డర్లు పంచే భాగం దానంతట అది వేసి ఉండదు. లైనక్స్ వైపు ఇదే పని చేసే సాంబా కూడా 2019లో 4.11 వెర్షన్ నుంచి దాన్ని ఆపేసింది.

అసలైన కోడీ ఈ మార్పును అందుకుంది. 2019 జనవరిలో వచ్చిన కోడీ 18లో కనిష్ఠం ఏ ఎస్ఎంబీ, గరిష్ఠం ఏ ఎస్ఎంబీ అని మనమే ఎంచుకునే సెట్టింగ్ పెట్టారు. మా బాక్సులోని పాత యాప్‌కు ఎస్ఎంబీ1 తప్ప వేరే భాష రాదు. మనం ప్రత్యేకంగా ఆన్ చేస్తే తప్ప విండోస్ 11 ఆ భాష మాట్లాడదు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా లోపలికి రానివ్వకపోవడానికి కారణం ఇదే. బాక్సులో యాప్ మారిస్తే పోయేదానికి, మా కంప్యూటర్‌నే బలహీనం చేసుకోమని సలహా ఇచ్చారు.

అమ్మినవాళ్లను వాట్సాప్‌లో అడిగితే వెంటనే ఒక వీడియో పంపారు. తెలుగులోనే, మర్యాదగా, అడుగడుగునా చూపిస్తూ తీసిన వీడియో. అందుకే నాకు ఇంకా భయం వేసింది, ఎవరైనా సులువుగా నమ్మేస్తారు. ముందు విండోస్ ఫీచర్లలోకి వెళ్లి ఎస్ఎంబీ 1.0కి టిక్కు పెట్టమన్నారు. తర్వాత పాస్‌వర్డ్ రక్షణతో షేరింగ్ అన్నదాన్ని ఆఫ్ చేయమన్నారు. ఫోల్డర్‌కు ‘ఎవ్రీవన్’ పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వమన్నారు. అదీ ఆ ఒక్క ఫోల్డర్‌కు కాదు, ‘మొత్తం డి డ్రైవ్ ఇచ్చేయండి, మళ్లీ మళ్లీ పెట్టుకునే పని ఉండదు’ అని. చివరగా ఫైర్‌వాల్ ఆఫ్.

ఇవన్నీ చేస్తే ఇంటి వైఫైలో ఉన్న ప్రతి పరికరమూ మీ డి డ్రైవ్‌లో ఏదైనా చదవగలదు, మార్చగలదు, చెరిపేయగలదు. పక్కింటి పిల్లవాడికి ఇచ్చిన వైఫై, చుట్టాల ఫోన్లు, చవకరకం సీసీ కెమెరా, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఆ టీవీ బాక్సు కూడా. ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి దస్తావేజుల స్కాన్లు చాలామంది డి డ్రైవ్‌లోనే పెట్టుకుంటారు. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఏ ఒక్క పరికరంలో దూరినా, రాసే అనుమతి ఉన్న షేర్ ఫోల్డర్లను వదలదు. తాతయ్య హరికథ ఒక్క ప్రతే ఉంది అన్నాను కదా, అది పోతే మళ్లీ ఎవరు తెస్తారు?

బాక్సును అంతగా ఎందుకు అనుమానించాలి అంటారా? పేరు లేని చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో ఫ్యాక్టరీ నుంచే దుష్ట సాఫ్ట్‌వేర్ దిగుతోందని 2023 నుంచి భద్రతా పరిశోధకులు బయటపెడుతూనే ఉన్నారు. బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో పిలుస్తున్న ఈ వ్యవహారం మీద 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు బహిరంగంగా హెచ్చరిక ఇచ్చింది. మా బాక్సులో అది ఉందని నేను అనడం లేదు. ఏముందో తెలియని వస్తువుకు ఇల్లంతా అప్పగించమని అడిగారన్నదే నా అభ్యంతరం.

వీడియోలో చెప్పినట్టు చేయనని అన్నాక ఇంకో మాట వచ్చింది. ‘మీ కంప్యూటర్లో రిమోట్ యాప్ వేసి నంబరు చెప్పండి, మేమే సెట్ చేస్తాం.’ దీనికి అసలే ఒప్పుకోవద్దు. బ్యాంకు లాగిన్లు ఉన్న కంప్యూటర్‌ను ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి ఇవ్వడానికి ఏ బాక్సూ కారణం కాకూడదు. ‘అందరూ ఇలాగే చేయించుకుంటున్నారు సార్, మీరొక్కరే ఇలా అడుగుతున్నారు’ అన్నారు. నన్ను ఈ పోస్టు రాయించింది ఆ మాటే. ఎన్ని ఇళ్లలో కంప్యూటర్లు ఇలా తెరిచి పెట్టి ఉన్నాయో తలచుకుంటే నిద్ర పట్టలేదు.

ఇంకో రెండు లోపాలు క్లుప్తంగా. డబ్బా మీద గిగాబిట్ అని రాసిన నెట్‌వర్క్ పోర్టు నిజానికి 100 ఎంబీపీఎస్ మాత్రమే. పాత క్యాసెట్ వీడియోలకు అది చాలు, కానీ 4కే బ్లూరే స్థాయి ఫైళ్లు అంతకు మించి అడగవచ్చు, అవి ఆగి ఆగి ఆడతాయి. ఓటీటీ యాప్‌లు కూడా హెచ్‌డీలో రాలేదు, ఎందుకంటే ఆ బాక్సుకు వైడ్‌వైన్ ఎల్1 ధ్రువీకరణ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ పద్ధతిలో పై స్థాయి) లేదు.

తిరిగి ఇచ్చే ముందు నిజం తేల్చుకుందామని అదే బాక్సులో కోడీ వాళ్ల అధికారిక సైటు నుంచి అసలు యాప్ దించి వేశాం. కంప్యూటర్లో ఏ రక్షణా తీయకుండానే ఫోల్డర్ తెరుచుకుంది. అమ్మ ఆ సాయంత్రం అక్క పెళ్లి చూసింది కూడా. ఎలా చేశామో చెబుతాను, మీకు పనికొస్తుంది.

కంప్యూటర్లో టీవీ కోసమే వేరే లోకల్ యూజర్‌ను సృష్టించాం. దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టాం, అడ్మిన్ హక్కులు ఇవ్వలేదు. వీడియోల ఫోల్డర్ ఒక్కటే షేర్ చేసి, ఆ యూజర్‌కు చదివే అనుమతి మాత్రమే ఇచ్చాం. నెట్‌వర్క్ ‘ప్రైవేట్’ అని ఉండేలా చూసి, ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్‌ను ఆ ప్రైవేట్ నెట్‌వర్క్ వరకే అనుమతించాం. కోడీలో కనిష్ఠం ఎస్ఎంబీ2, గరిష్ఠం ఎస్ఎంబీ3 పెట్టాం. ‘విండోస్ నెట్‌వర్క్’ లోంచి వెతకడం మానేయండి, ఆ జాబితా ఖాళీగా కనిపించవచ్చు. ‘యాడ్ నెట్‌వర్క్ లొకేషన్’ లోకి వెళ్లి కంప్యూటర్ ఐపీ, షేర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వండి. రౌటర్లో ఆ కంప్యూటర్‌కు 192.168.1.50 లాంటి స్థిరమైన ఐపీ కేటాయించండి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక ఐపీ మారి మొత్తం లైబ్రరీ కనిపించకుండా పోవచ్చు.

విండోస్‌లోకి రోజూ పిన్ కొట్టి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి, ఆ పిన్ షేరింగ్‌కు పనిచేయదు, పాస్‌వర్డే కావాలి. మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ మాత్రం బాక్సులో కొట్టకండి. కోడీ ఆ వివరాలను తన ఫోల్డర్లో ఒక మామూలు ఫైలులో, తెరిస్తే చదవగలిగేలా దాచుకుంటుంది. వేరే యూజర్ పెట్టమన్నది అందుకే. కోడీ మీడియా సెట్టింగుల్లో ఫైళ్ల పేరు మార్చడానికి, చెరపడానికి అనుమతి ఇచ్చే స్విచ్ ఒకటి ఉంటుంది, అదీ ఆఫ్‌లోనే ఉంచండి.

వీడియోలో లేకపోయినా ఫోన్లో చెప్పిన ఒక ‘సౌకర్యం’ గురించి కూడా. పిల్లలు అమెరికాలో ఉంటే వాళ్లూ ఇక్కడి వీడియోలు చూసేలా రౌటర్లో 445 పోర్టు (ఎస్ఎంబీ షేరింగ్ వాడే దారి) తెరిచి పెడతామన్నారు. వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇంటర్నెట్‌కు తెరిచిన 445 పోర్టు కోసం ప్రపంచమంతా హ్యాకర్లు రోజంతా వెతుకుతూనే ఉంటారు. దూరాన ఉన్న పిల్లలకు చూపించాలంటే వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటికి రహస్యంగా కలిపే దారి) పెట్టుకోండి, 445 పోర్టు తెరవనక్కర్లేదు.

డబ్బు సంగతి. ‘సాఫ్ట్‌వేర్ సమస్యకు రిటర్న్ లేదు’ అని మొదట అడ్డం తిరిగారు. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, యాప్ వెర్షన్ కనిపించే ఫోటో, వాళ్లు పంపిన వీడియో, అన్నీ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. ఆ తర్వాత బాక్సు తీసుకుని, డెలివరీ ఖర్చు పట్టుకుని మిగతా డబ్బు వేశారు. బిల్లు లేకపోతే ఈ కాస్త కూడా వచ్చేది కాదు. కొట్లో కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా బిల్లు తీసుకోండి, ప్రకటనను ఫోన్లో దాచుకోండి.

కోడీ ఉచితం, అందులో సినిమాలు, ఛానళ్లు ఏవీ ఉండవు. కోడీ తయారుచేసే సంస్థ ‘అన్నీ నింపిన’ బాక్సులు అమ్మదని ఎన్నోసార్లు చెప్పింది. కాబట్టి కోడీ వేసి ఇస్తున్నందుకు ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే అక్కడే ఆగండి. కొనేముందు అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: బాక్సు గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ టీవీయేనా, ఎస్ఎంబీ1 లేకుండా విండోస్ 11 ఫోల్డర్ తెరుచుకుంటుందా. జవాబు సూటిగా రాకపోతే వేరే బాక్సు చూసుకోండి.

ఇప్పటికే ఆ వీడియో చూసి అన్నీ చేసేసినవాళ్లు కంగారు పడకండి, వెనక్కి తిప్పొచ్చు. ఈ రోజే చేయండి. విండోస్ ఫీచర్లలో ఎస్ఎంబీ 1.0 టిక్కు తీసి రీస్టార్ట్ చేయండి. ఫైర్‌వాల్, పాస్‌వర్డ్ రక్షణ రెండూ ఆన్ చేయండి. డ్రైవ్ మీద షేరింగ్ తీసేసి ‘ఎవ్రీవన్’ పేరు తొలగించండి. రిమోట్ యాప్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. రౌటర్లో పోర్టు ఏదైనా తెరిచి ఉందేమో చూసి మూసేయండి. విండోస్ పాస్‌వర్డ్ మార్చండి, అదే మెయిల్‌కూ బ్యాంకుకూ వాడుతుంటే అవీ మార్చండి. ముఖ్యమైన వీడియోలు ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి. వీటిలో ఏది ఎలా చేయాలో తెలియకపోతే కింద అడగండి, కుదిరినప్పుడల్లా జవాబిస్తాను.