ఫోన్ అలారం మానేయడానికి కొన్న గడియారం: నెలన్నర వాడాక

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్లో ఉంటాను, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూడటం, ఎనిమిదింటి క్లాసులో కళ్లు మూతలు పడటం, ఏడాదిగా ఇదే వరస. ఫోన్ దూరంగా పెట్టుకోవే అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నా దగ్గర ఒకటే జవాబు, అలారం దాంట్లోనే కదా అని. ఆ జవాబు లేకుండా చేద్దామనే చిక్‌పేట మెట్రోలో దిగి, గడియారాల కొట్టులో 380 రూపాయలకి పైన మోగడానికి రెండు గంటలున్న చిన్న టేబుల్ గడియారం కొన్నాను. ఒక్క పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది.

మోత బాగా గట్టిది. మంచం మీంచి చేయి చాపితే అందకుండా బీరువా మీద పెట్టాను కాబట్టి లేచి వెళ్లి ఆపాల్సిందే. పదిన్నరకల్లా ఫోన్ తలుపు పక్కన ఛార్జింగ్‌లో.

మొదటి వారం చాలా కష్టపడ్డాను. చేయి దానంతటదే దిండు కిందికి పోయేది, ఒంగోలు నుంచి రాత్రి ఏదైనా ఫోన్ వస్తే ఎలా అని టెన్షన్. రింగ్ శబ్దం పెంచి పెట్టాక ఆ భయం పోయింది. ఇప్పుడు పదకొండున్నరకి నిద్రపోతున్నాను, ఆరున్నరకి లేచినా తల బరువుగా లేదు.

తెర వెలుతురు వల్ల నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుందన్నది నిజమే. 2014 చివర్లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 12 మంది పడుకునే ముందు ఐదేసి రాత్రులు వెలుగొచ్చే తెర మీద చదివితే, కాగితం పుస్తకం చదివినప్పటికంటే ఒంట్లోని గడియారం దాదాపు గంటన్నర ఆలస్యమైంది. కానీ నా విషయంలో వెలుతురుకంటే ఇంకొక్కటి చూద్దామనే యావే పెద్ద రోగం, నైట్ మోడ్ పెట్టుకుని కూడా రెండింటిదాకా మేలుకున్నదాన్ని.

లోపాలు లేకపోలేదు. అలారం ముల్లు ఐదు పది నిమిషాలు అటూ ఇటూ మోగుతుంది, పరీక్ష రోజున ముందుకే పెట్టుకోవాలి. టిక్ టిక్ అయితే నిశ్శబ్దంలో బాగా వినిపిస్తుంది, రూమ్మేట్ రెండు రాత్రులు విసుక్కుంది, కింద మడత పెట్టిన తువ్వాలు వేశాక కొంత తగ్గింది.

ఫోన్ వల్ల చదువు, తిండి కూడా దెబ్బతింటున్నవాళ్లకి మాత్రం గడియారం సరిపోదు. ఈ ఊళ్లోనే నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి 2014 నుంచి దీనికోసమే షట్ క్లినిక్ నడుపుతోంది, మొహమాటపడకుండా వెళ్లండి.

కొనేటప్పుడు కొట్టులోనే సెల్ వేయించి చెవి దగ్గర పెట్టుకుని వినండి. సెకన్ల ముల్లు చప్పుడు లేకుండా జారుతూ తిరిగే రకం కూడా ఉంటుంది, గదిలో ఇంకొకరు పడుకునేవాళ్లయితే అదే అడిగి తీసుకోండి.