సాఫ్ట్‌వేర్‌సీరియల్: ఒక్క మాడ్యూల్‌తో, 9600 స్పీడుతో అయితే ఓకే

ఆర్డుయినో ఊనో ఆర్3 అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో హార్డ్‌వేర్ సీరియల్ పోర్టు (డేటాని ఒక్కో బిట్టుగా పంపి, అందుకునే దారి) ఒక్కటే, 0, 1 పిన్నుల మీద. కంప్యూటర్‌తో మాట్లాడేదీ అదే కాబట్టి జీపీఎస్‌ని దానికే తగిలిస్తే కోడ్ ఎక్కించిన ప్రతిసారీ వైరు పీకాలి. ఈ గోల పడలేక కోడ్ రాసుకునే ఐడీఈతో పాటే ఉచితంగా వచ్చే, వేరే పిన్నుల్ని కూడా కోడ్‌తోనే సీరియల్ పోర్టులా వాడనిచ్చే సాఫ్ట్‌వేర్‌సీరియల్ లైబ్రరీ పట్టుకున్నాను.

నియో-6ఎం జీపీఎస్ మాడ్యూల్ పెట్టిన పది నిమిషాల్లో లైన్లు వచ్చేశాయి, ఇంతేనా అనుకున్నా. మర్నాడు ఎల్‌సీడీ కూడా కలిపి లూప్‌లో ఒక సెకను డిలే పడేశాను, అంతే, లైన్లన్నీ సగంలో తెగిపోతున్నాయి. మాడ్యూల్ డూప్లికేట్ ఏమో అని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను కూడా, పాపం. తప్పు నాదే. సాఫ్ట్‌వేర్‌సీరియల్ బఫర్ (వచ్చిన డేటా మనం చదివేదాకా ఉండే చోటు) 64 బైట్లు, జీపీఎస్ పంపే ఒక్క లైనే 82 అక్షరాల దాకా ఉండొచ్చు, మనం డిలేలో కునుకు తీస్తుంటే బఫర్ నిండిపోయి తర్వాత వచ్చినవన్నీ పోతాయి. డిలే తీసేసి, గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లిస్‌తో రాసుకుని, వచ్చింది వచ్చినట్టు చదివేస్తే సర్దుకుంది.

అసలు తిరకాసు వేరే ఉంది. ప్రతి బైటు ముందూ వచ్చే స్టార్ట్ బిట్‌తో పిన్ను వోల్టేజీ కిందకి పడగానే ఇంటరప్ట్ (పని ఆపి ఇటు చూడమనే సిగ్నల్) వస్తుంది, ఇక ప్రాసెసర్ చేస్తున్న పని ఆపేసి 104 మైక్రోసెకన్లకోసారి పిన్ను వైపు చూస్తూ ఎనిమిది బిట్లూ ఏరుకుంటుంది, ఇది సెకనుకి 9600 బిట్ల స్పీడు లెక్క. అంటే బైటుకి దాదాపు ఒక మిల్లీసెకను, అంతసేపూ మిగతా ఇంటరప్ట్‌లు గుమ్మం బయటే. పక్కన సర్వో మోటారు ఉంటే వణికేది ఇందుకే. 115200 అయితే బిట్టుకి 8.7 మైక్రోసెకన్లే, స్టార్ట్ బిట్ వచ్చే వేళకే మిల్లిస్ టైమర్ ఇంటరప్ట్ నడుస్తూ కాస్త ఆలస్యం చేసినా చూడాల్సిన క్షణం దాటిపోయి చెత్త అక్షరాలు వస్తాయి. ఆ స్పీడు ఇవ్వడానికి ఒప్పుకుంటుంది గానీ నేనైతే ఇవ్వను.

జీపీఎస్, జీఎస్ఎం (సిమ్ వేసుకునే మాడ్యూల్) రెండూ దీని మీదే నడుపుదాం అనుకునేవాళ్ళు కాస్త ఆగండి. పోర్టులు ఎన్ని పెట్టుకున్నా ఒకసారికి ఒక్కదాన్నే వింటుంది, ఇటు తిరిగి ఉండగా అటు వచ్చిన ఎస్ఎంఎస్ గాలికి పోయినట్టే. రెండూ కావాలంటే నాలుగు హార్డ్‌వేర్ పోర్టులున్న మెగా బోర్డు కొనుక్కోవడం నయం.

ఐదుకి మూడు ఇస్తాను, ఆ మూడూ సులువుగా ఉన్నందుకే. ఊనోతోనే నెట్టుకురావాలంటే ఆల్ట్‌సాఫ్ట్‌సీరియల్ అనే మరో లైబ్రరీ చూడండి, టైమర్‌తో బిట్లు పట్టుకుంటుంది కాబట్టి ప్రాసెసర్‌ని కట్టిపడేయదు, పంపుతూనే వింటుంది కూడా. కాకపోతే వినడానికి 8, పంపడానికి 9, వేరే పిన్నులు కుదరవు, పైగా 10వ పిన్ను మీద పీడబ్ల్యూఎం (పిన్నుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పవర్ తగ్గించే, పెంచే పద్ధతి) పోతుంది. నా బోర్డులో ఆ 8వ పిన్నుకే రిలే సోల్డర్ చేసేశాను, ఈ ఆదివారం కూర్చుని పీకాలి.