పాత మియాటాకి చిన్న స్టీరింగ్: 350, 360, 330... ఏది మేలు?

మాజ్దా వారి రెండు సీట్ల కారు మియాటా మొదటి తరం, అంటే 1989లో వచ్చి 1997 దాకా నడిచిన ఎన్‌ఏ మోడల్, చేతికి రాగానే టైర్లు, సస్పెన్షన్ తర్వాత అందరి కళ్లూ పడేది స్టీరింగ్ మీదే. అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: "350 వేయనా, 330 వేయనా?" ఇవి స్టీరింగ్ చక్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆ వ్యాసం ముఖ్యమే, కాదనను. కానీ డబ్బు పోసి బిగించిన స్టీరింగ్ నచ్చక మళ్లీ విప్పేసే పరిస్థితి వచ్చిందంటే కారణం మామూలుగా వ్యాసం కాదు, లోతు. రిమ్, అంటే చేత్తో పట్టుకునే వలయం, మీ ఛాతీకి ఎంత దగ్గరికి వచ్చిందన్నది. దాని గురించి ఎవరూ అడగరు. అందుకే ముందు వ్యాసం సంగతి తేల్చేసి, మిగతా శ్రద్ధంతా లోతు మీద పెడదాం.

కంపెనీ ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్ సుమారు 370 నుంచి 380 మి.మీ. ఉంటుంది. మీదెంతో టేపు పెట్టి చూసుకోండి. 380 అనుకుంటే, 350కి దిగినప్పుడు అదే పనికి చేతి బలం ఎనిమిదిన్నర శాతం ఎక్కువ పెట్టాలి. 330కి 15 శాతం, 320కి దాదాపు 19 శాతం. చిన్న స్టీరింగ్ వేస్తే కారు "క్విక్" అవుతుందని అంటారు గానీ, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలని మళ్లించే పళ్ల కడ్డీ) నిష్పత్తి ఏమీ మారదు. తిప్పాల్సిన కోణం అంతే, చేయి కదిలే దూరం మాత్రం తగ్గుతుంది. 380లో ఒక డిగ్రీ అంటే రిమ్ మీద 3.3 మి.మీ. కదలిక, 330లో 2.9. హైవే మీద నేరుగా పోతున్నప్పుడు చిన్న రిమ్ ఉన్న కారు కాస్త చికాకుగా, చేతిలో కుదురుగా లేనట్టు అనిపించేది ఈ తేడా వల్లే. గుంటలో పడ్డప్పుడు చేతికి తగిలే దెబ్బ కూడా అదే శాతంలో పెరుగుతుంది.

మీ కారులో ఏ ర్యాక్ ఉందన్నది ఇక్కడ చూసుకోవాలి. పవర్ లేని ర్యాక్ ఈ కొస నుంచి ఆ కొసకి మూడుంపావు చుట్లకి పైగా తిరుగుతుంది, పవర్ ర్యాక్ సుమారు 2.8 చుట్లు. పవర్ ఉంటే 350 హాయిగా నడుస్తుంది. పవర్ లేని ర్యాక్‌కి కంపెనీ ఇచ్చిన 185 మి.మీ. వెడల్పు టైర్లే ఉంటే 350 పర్వాలేదు, పార్కింగ్‌లో కాస్త బరువు తెలుస్తుంది. 205 టైర్లు వేసుంటే 360 కంటే కిందికి దిగొద్దు. అన్నిటికన్నా బరువైనది మరొకటి ఉంది: పవర్ ర్యాక్ అలాగే ఉంచి, పంపు పీకేసి పైపులు కలిపేసిన కార్లు. 2.8 చుట్ల ర్యాక్‌ని సాయం లేకుండా తిప్పడమే కష్టం, లోపల ఉన్న నూనెని కూడా మనమే నెట్టాలి. అలాంటి కారుకి 330 బిగిస్తే ఇరుకు పార్కింగ్‌లో భుజాలు పట్టేస్తాయి.

వ్యాసం తగ్గితే నిజంగా దక్కే లాభం తొడల దగ్గర. 380 నుంచి 350కి వస్తే రిమ్ కింది అంచు 15 మి.మీ. పైకి లేస్తుంది, 330 అయితే 25. పొడుగు మనుషులకి క్లచ్ తొక్కే కాలు రిమ్‌కి తగలకుండా ఉండడానికి ఆ 15 మి.మీ. చాలు. పై అంచు కూడా అంతే కిందికి దిగుతుంది గనుక, స్పీడోమీటరు, టాకోమీటరు పై భాగాలు మరుగున పడే ప్రమాదం ఉంది. పైకప్పుకి తల తగలకుండా సీటు ఫోమ్ కోయించుకున్నవాళ్లకి కన్ను కిందికి దిగుతుంది కాబట్టి ఈ బాధ కాస్త తక్కువ.

ఇక లోతు సంగతి. ఎన్‌ఏ మియాటా స్టీరింగ్ కాలమ్ పైకీ కిందికీ వంగదు, ముందుకీ వెనక్కీ జరగదు. పెడల్స్ కూడా కదలవు. కదిలేది సీటొక్కటే. కొత్త రిమ్ 40 మి.మీ. మీ వైపు వచ్చిందనుకోండి. చేతులు ఇరుకయ్యాయని సీటు వెనక్కి జరిపితే క్లచ్ పూర్తిగా అందదు. క్లచ్ అందాలని ముందుకి జరిగితే మోచేతులు పక్కటెముకల్లో గుచ్చుకుంటాయి. లోతులో చేసిన తప్పుని సీటుతో దిద్దుకోలేం. కాళ్లు పొడుగు, చేతులు పొట్టి అయిన మనిషికి మాత్రం ఇది కలిసొస్తుంది. సీటు ఆఖరి గాటుకి జరిపి, వెనక గోడకి ఆనించుకుని కూర్చునేవాళ్లకి రిమ్ 15–20 మి.మీ. దగ్గరికి వస్తే సుఖమే.

రిమ్ ఎక్కడికి వస్తుందో రెండు కొలతలు తేలుస్తాయి: బాస్ కిట్ (స్టీరింగ్‌ని షాఫ్ట్‌కి కలిపే ముక్క) ఎత్తు, స్టీరింగ్ డిష్ (బోల్టులు పట్టే మధ్య భాగం కంటే రిమ్ ఎంత ముందుకి ఉందన్నది). స్టీరింగ్ ఫొటో చూసి కొంటారు గానీ, బాస్ ఎత్తు పెట్టె మీద చదివేవాళ్లు తక్కువ. కొలిచే పద్ధతి ఇది. పాత స్టీరింగ్ రిమ్ మీద ఒక తిన్నటి స్కేలు అడ్డంగా ఆనించి పట్టుకోండి. స్కేలు నుంచి కాలమ్ ప్లాస్టిక్ కవరు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. స్టీరింగ్ విప్పాక, అదే కవరు అంచుకీ బాస్ కూర్చునే చోటుకీ మధ్య దూరం కూడా కొలవండి. రెండూ లెక్కేస్తే పాత రిమ్ షాఫ్ట్ మీద ఎంత ముందుకి ఉందో వస్తుంది. ఉదాహరణకి ఆ అంకె 130 అనుకుందాం. బాస్ 80 అయితే స్టీరింగ్ డిష్ 50 దాకా ఉండొచ్చు, పది అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. అదే బాస్ మీద 3 అంగుళాల లోతు అని అమ్మే స్టీరింగ్ పెడితే 26 మి.మీ. ముందుకి వస్తుంది. రెంటి మధ్యలో క్విక్ రిలీజ్ (స్టీరింగ్‌ని చటుక్కున ఊడదీసే బిగింపు) కూడా పెడితే ఇక చెప్పేదేముంది.

సరైన చోటు తెలుసుకోవడానికి టేపు కూడా అక్కర్లేదు. సీటులో రెండు భుజాలూ ఆనించి కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టి, చేయి చాచి రిమ్ నెత్తి మీద వెయ్యండి. మణికట్టు రిమ్ మీద ఆనాలి. అరచేయే ఆనితే రిమ్ దూరంగా ఉన్నట్టు, ముంజేయి ఆనితే దగ్గరికి వచ్చేసినట్టు. తర్వాత ఇండికేటర్ కాడ చూడండి. చేయి రిమ్ వదలకుండా వేలు చాపితే కాడ అందాలి. రిమ్ 25–30 మి.మీ. ముందుకి వచ్చిందంటే వేలు అందదు, ప్రతి మలుపుకీ చేయి తీసి వేయాల్సి వస్తుంది. రోజూ నడిపే కారులో ఇది వారం తిరక్కుండానే విసుగెత్తిస్తుంది.

కొనకముందే చూసుకోవాలంటే గట్టి అట్టపెట్టె నుంచి 350 బయటి వ్యాసం, 28 మి.మీ. వెడల్పుతో ఒక కంకణం కత్తిరించండి. దాన్ని పాత స్టీరింగ్ మీద మధ్యకి కుదిరేలా టేపుతో అంటించండి. లోతు తేడా ఎంతో తెలిసుంటే, వెనక అంత మందం అట్టముక్కలు పేర్చండి. ఆగి ఉన్న కారులో కూర్చుని మీటర్లు, తొడ, కాడ మూడూ చూసుకోండి. తర్వాత 330 కంకణం కత్తిరించి మళ్లీ చూడండి. కారు నడిపేముందు అట్టలన్నీ పీకేయడం మరవొద్దు.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

350 మి.మీ. లెదర్, తక్కువ డిష్. మోమో ప్రోటోటిపో ఈ కోవలోదే: మూడు స్పోకులు, వాటిలో గుండ్రటి చిల్లులు, సన్నటి లెదర్ రిమ్. మోమో పుట్టుకే రేసులతో ముడిపడింది. 1964లో ఫార్ములా వన్ రేసర్ జాన్ సర్టీస్ తన ఫెరారీకి, మోమో స్థాపకుడు జాన్‌పియెరో మోరెట్టి చేయించిన స్టీరింగ్ పెట్టుకున్నాడు, ఆ ఏడే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మియాటాకి ఇది సరిపోయేది మాత్రం చరిత్ర వల్ల కాదు, డిష్ మితంగా ఉండడం వల్ల. సాధారణ ఎత్తు బాస్‌తో రిమ్ పాత చోటుకి దగ్గరలోనే నిలుస్తుంది. చేతికి చెమట పట్టినా లెదర్ పట్టు వదలదు. నకిలీలు మాత్రం బజారు నిండా ఉన్నాయి. అసలు మోమో వెనక కేబీఏ అని మొదలయ్యే నంబరు (జర్మనీ ప్రభుత్వ ఆమోదం గుర్తు), తయారీ తేదీ అచ్చు వేసి ఉంటాయి. అవి ఉన్నంత మాత్రాన అసలుదని కాదు గానీ, లేకపోతే అనుమానించాల్సిందే. రిమ్ రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పితే స్పోకు వంగినట్టు తెలిస్తే దాన్ని కారుకి బిగించకండి.

360 మి.మీ. చెక్క, నార్డి క్లాసిక్. అందంలో దీనికి సాటి లేదు. మాజ్దా కూడా జపాన్‌లో 1990 నాటి యూనోస్ రోడ్‌స్టర్ (మియాటాకి అక్కడి పేరు) వి-స్పెషల్‌కి నార్డి చెక్క స్టీరింగే ఇచ్చింది. ఎస్-స్పెషల్‌కి లెదర్ ఇచ్చింది, అంటే చెక్కా లెదరా అన్న తగువు కంపెనీలోనే మొదలైందన్నమాట. పవర్ లేని ర్యాక్‌కి 360 చక్కటి కొలత. మీటర్లు బాగా కనబడతాయి. చిక్కల్లా పట్టు దగ్గరే: నున్నటి వార్నిష్, సన్నటి రిమ్, ఎండాకాలం టాప్ తీసి నడిపితే చెమట చేతుల్లో జారుతుంది. నెమ్మదిగా సాయంత్రం షికార్లు తిరిగే కారుకి ఇది పెట్టుకోండి. కొండ దారుల్లో గట్టిగా నడిపేవాళ్లు అదే నార్డి లెదర్‌లో తీసుకోవడం మంచిది.

330 మి.మీ., డీప్ డిష్. ఫొటోల్లో అదిరిపోతుంది. పైన చెప్పిన లోతు ఇబ్బందులన్నీ దీనిలోనే కలిసొస్తాయి, మీటర్లూ సగం మరుగుతాయి. పవర్ ర్యాక్ ఉండి, సీటు బాగా వెనక్కి వేసుకునే మనిషై, వీలైనంత పొట్టి బాస్ దొరికితే ఆలోచించొచ్చు. 320 ట్రాక్ కార్లకి. కింద చదునుగా ఉండే డి ఆకారం మూడు చుట్ల ర్యాక్‌కి నప్పదు, చేతులు మార్చేటప్పుడు ఆ చదును ఎక్కడ తగులుతుందో తెలియదు. స్వేడ్ రెండు వేసవులకే నున్నగా మెరుస్తుంది.

నా ఓటు 350 లెదర్‌కే. పవర్ లేని ర్యాక్, వెడల్పు టైర్లు ఉంటే 360 లెదర్.

ఎయిర్‌బ్యాగ్ సంగతి దాటేయకూడదు. అమెరికాలో అమ్మిన ఎన్‌ఏ కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ఉంది. పై స్టీరింగులు దేంట్లోనూ ఉండదు. ప్రమాదంలో ముఖానికీ ఛాతీకీ ఉన్న రక్షణ ఒకటి పోతుంది, ఇది తెలిసే చేయాలి. రిమ్‌ని ఛాతీకి దగ్గరికి తెచ్చే పొడుగు బాస్‌ని వద్దనడానికి ఇదీ ఒక కారణం. ఒత్తిడికి నలిగిపోయేలా చేసిన బాస్ దొరికితే అదే కొనండి. అమెరికా చట్టం ప్రకారం డీలర్లు, మరమ్మతు షాపులు ఎయిర్‌బ్యాగ్‌ని పని చేయకుండా చేయకూడదు, అందుకే షాపువాళ్లు ఈ పని ఒప్పుకోకపోవచ్చు. బ్రిటన్‌లో కంపెనీ ఇచ్చిన ఎయిర్‌బ్యాగ్ లేకపోతే ఎంఓటీ (అక్కడ ఏటా జరిగే వాహన తనిఖీ) పాసవదు. ఇన్సూరెన్సు వాళ్లకి ముందే చెప్పండి. హెచ్చరిక దీపం వెలగకుండా రెసిస్టర్ పెట్టే పద్ధతి ఉంది గానీ, తర్వాత కారు కొనేవాడికి అది అబద్ధం చెబుతుంది.

కొనేటప్పుడు బోల్టు చిల్లుల వలయం చూసుకోండి: మోమో, స్పార్కో, ఓఎంపీ ఆరు చిల్లులు, 70 మి.మీ. నార్డి, పర్సనల్ ఆరు చిల్లులు, 74 మి.మీ. కొన్ని బాసులకి రెండు వరసలూ ఉంటాయి. 70 చిల్లుని ఆకురాయితో లాగి 74 చేసే ప్రయత్నం మాత్రం వద్దు.

బిగించేటప్పుడు చక్రాలు నేరుగా ఉంచి, బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం పదిహేను నిమిషాలు ఆగండి. స్టీరింగ్ వెనక నుంచి 10 మి.మీ. బిగింపులు నాలుగు విప్పితే ఎయిర్‌బ్యాగ్ ఊడుతుంది. దాని తీగలకి మల్టీమీటరు తాకించొద్దు, ముఖం పైకి ఉండేలా దూరంగా పెట్టండి. షాఫ్ట్‌కీ స్టీరింగ్‌కీ కలిపి పెయింట్ పెన్నుతో గీత గీయండి. 21 మి.మీ. నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా రెండు మరల మీద ఉంచి లాగండి. స్టీరింగ్ ఒక్కసారిగా ఊడినా ముఖానికి కొట్టదు. రాకపోతే పుల్లర్ వాడండి, వెనక నుంచి సుత్తితో కొట్టొద్దు. బాస్ కూర్చోబెట్టేటప్పుడు ఇండికేటర్‌ని వెనక్కి తిప్పే పిన్ను దాని గాడిలో పడిందో లేదో చూడండి. పడకపోతే మలుపు తిరిగాక ఇండికేటర్ దానంతటది ఆగదు. నట్టు టార్క్ 39–49 న్యూటన్ మీటర్లు.

స్టీరింగ్ పట్టే ఆరు ఎం5 స్క్రూలకి 3 మి.మీ. అలెన్ కీ చాలు. నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. బాస్ అల్యూమినియం, అతిగా బిగిస్తే మర పోతుంది. హారన్ మోగకపోతే బాస్ మీద పెయింట్ అడ్డుపడి ఎర్త్ అందడం లేదేమో చూడండి. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ కాస్త వాలి కనిపించి, షాఫ్ట్ మీది పళ్లలో (స్ప్లైన్) ఒక పన్ను జరిపితే అటు వైపు వాలుతుంటే, పన్ను వదిలేసి అలైన్‌మెంట్ షాపులో రెండు టై రాడ్లూ (ర్యాక్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు) సమానంగా సర్దించండి. నూరు మైళ్లు తిరిగాక ఆరు స్క్రూలూ మళ్లీ ఒకసారి చూడండి.