1907 నమూనా బయొనెట్: కొక్కెం చూసి కాదు, ముద్రలు చదివి కొనాలి

పాత సైనిక బయొనెట్లు, అంటే రైఫిల్ చివర బిగించే కత్తులు, సేకరించడం మొదలుపెట్టేవాళ్లకు బ్రిటిష్ 1907 నమూనా మంచి ఎంపిక. అందానికి కాదు. 43 సెంటీమీటర్ల బ్లేడుతో చూడ్డానికి కాస్త మొరటుగానే ఉంటుంది. కానీ తన పుట్టుపూర్వోత్తరాలు తన ఒంటిమీదే మోసుకు తిరుగుతుంది.

పిడికి ఆనుకుని, వాదర మొదలవకముందున్న చదునైన చోట చూడండి. ఒకవైపు కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, 1907 అంకె, నెల, సంవత్సరం, తయారీదారు పేరు ఉంటాయి. 1907 అనేది నమూనా పేరే. తయారైన ఏడాది దాని కింద ఉంటుంది, 5 '17 అంటే 1917 మే. విల్కిన్సన్, శాండర్సన్ పేర్లు తరచూ కనిపిస్తాయి. ఆర్‌ఎఫ్‌ఐ అని ఉంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది. రెండోవైపు ప్రభుత్వ సొత్తుకు గుర్తుగా బాణం, బ్లేడును వంచి చూసిన పరీక్షకు గుర్తుగా ఎక్స్, తనిఖీ ముద్రలు ఉంటాయి. రెండు బాణాలు మొనలు తగిలేలా ఎదురెదురుగా ఉంటే సైన్యం ఆ సరుకును వదిలించుకుందని అర్థం.

మోసాలు ఎక్కువగా జరిగేది కొక్కెం దగ్గరే. తొలి బయొనెట్లలో పిడికీ బ్లేడుకీ మధ్యనుండే అడ్డుపట్టీకి కింద వంగిన కొక్కెం ఉండేది, 1913లో దాన్ని మానేశారు. అది అరుదు కాబట్టి ధర చాలా ఎక్కువ, అందుకే మామూలు వాటికి వెల్డింగ్ చేసి అంటిస్తారు. బ్రిటన్‌లో తయారైన బ్లేడు మీద 1916 తేదీ ఉండి కొక్కెం కూడా ఉందంటే వదిలెయ్యండి. తేదీ సరిపోయినా అతుకు దగ్గర ఉక్కు రంగు మారిందా, ఆకురాయి గీతలు ఉన్నాయా అని భూతద్దంతో చూడాలి. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది: 1910 తేదీ ఉండి కొక్కెం లేకపోతే కంగారుపడక్కర్లేదు, సైన్యమే చాలావాటికి కోసేసింది. పిడి చివర మట్టి బయటికి పోయే రంధ్రం 1916లో వచ్చింది. పాతవాటికి మరమ్మతులప్పుడు తొలిచారు కాబట్టి అదొక్కటే చూసి నకిలీ అనకూడదు.

పిడి చెక్కల మీద అడ్డంగా రెండు గాడులుంటే అది 1913 నమూనా. వేరే రైఫిల్‌ది, 1907 అని అమ్మజూపితే తీసుకోకండి.

పిడి చివర దళం ముద్ర, అంకె ఉంటే విలువ పెరుగుతుంది. అయితే ఆ అంకె ఆయుధానిది, దానితో ఫలానా సైనికుడిదని చెప్పలేం. అలా కథ చెప్పి ఎక్కువ ధర అడిగేవాడి దగ్గర కాగితం అడగండి.

మెరుగు చక్రానికి పెట్టి తళతళలాడించిన బ్లేడు మాత్రం ఎంత చవకైనా వద్దు. ముద్రల అంచులు అరిగిపోయాక చదవడానికేం మిగలదు. తుప్పు ఉన్నచోట మాత్రమే పలుచని నూనెతో అతి సన్నని ఉక్కు ఊలు, ఆపైన పలుచగా మైనం చాలు. తోలు ఒరలో దాచకండి. తోలు తేమ పట్టి ఉంచి బ్లేడును లోపలే తినేస్తుంది. ఒరను విడిగా పెట్టాలి.