అడవి పూల మండపం అని అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

మార్గశిరంలో మా చెల్లె పెళ్లి సిద్దిపేట దగ్గర మా ఊళ్లోనే చేశాం. డెకరేషన్‌కి అనుకున్నది 40 వేలు. గులాబీలు, ఆర్కిడ్ల మండపానికి ఎక్కడ అడిగినా లక్ష పైమాటే. అప్పుడే ఇన్‌స్టాలో ఒకాయన పేజీ కనబడింది. తంగేడు, గునుగు, రెల్లు పూలతో కట్టిన మండపం, చూస్తే పెద్ద బతుకమ్మ మధ్యలో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టినట్టుంది. 38 వేలన్నాడు. "ఫికర్ చేయకండి అక్కా, అన్నీ మన చెలకల్లో పూసేవే, అందుకే ఇంత తక్కువ" అన్నాడు. 25 వేలు ఫోన్‌పే కొట్టాను. బిల్లు అడగలేదు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి జరిగిన తీరు చెప్తాను.

"మార్గశిరంలో గునుగు ఎక్కడిదే?" అని మా అమ్మ ముందే అంది. ఫోన్‌లో ఫొటో చూపించి ఆమె నోరు మూయించాను. ఆ ఫొటో బతుకమ్మ రోజులది అని నాకు తట్టనే లేదు. తంగేడు, గునుగు విరగబూసేది వానలు పోయాక, ఆ పండగ టైముకే. తంగేడు అప్పుడైనా పొద్దున కోసింది సాయంత్రానికి వాడుతుంది.

ముహూర్తం పొద్దున 10:42కి. రాత్రి రెండింటికి ట్రాలీ ఆటో వచ్చింది. తంగేడు గోనెసంచుల్లో కుక్కి తెచ్చారు, విప్పితే అడుగున పసుప్పచ్చ రేకుల ముద్ద. గునుగు ఎప్పటిదో, ఎండిపోయి ఉంది, దానికి గులాబీ రంగు అద్దారు. తెల్లారాక తాజాగా కనబడాలని పైనుంచి స్ప్రేతో నీళ్లు కొట్టారు. ఆ రంగు కారి పెళ్లికొడుకు తెల్ల కండువా మీద పడింది, ఎడమ భుజం దగ్గర, రూపాయి బిళ్లంత. వాళ్ల మేనత్త ఆ మరకనీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఇక రెల్లు అప్పటికే ముదిరి నూగు రాలుతోంది. ఫ్యాన్ వేయగానే గాల్లో దూది. తమలపాకులోని జీలకర్ర బెల్లం ముద్దకు అంటుకుని బూజు పట్టినట్టు కనబడితే, పంతులుగారు మంత్రం ఆపకుండానే గోటితో గీరి పక్కన పడేశారు. హోమగుండానికి రెండడుగుల దూరంలో ఎండు రెల్లు కట్టలు పెట్టారని తర్వాత గమనించి నాకు చెమటలు పట్టాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. స్తంభాల మీద తెల్లని చిన్న చిన్న పూలు గుత్తులుగా కట్టారు, నేను బొకేల్లో పెట్టే జిప్సో పూలు అనుకున్నాను. ఏడింటికి మా బాబాయి వచ్చి ఒక గుత్తి పీకి చూసి "ఇది వయ్యారిభామ!" అని అరిచాడు. అవును, కాంగ్రెస్ గడ్డి. రోడ్డు పక్కన ఊరికే దొరికేది. పుప్పొడి తగిలితే కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. రాత్రి ఆ గుత్తులు అందించిన మా తమ్ముడి మోచేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఉబ్బసం ఉన్న పెద్దమ్మ పెళ్లి మొత్తం పక్కింటి గదిలోనే కూర్చుంది, తలంబ్రాలు కూడా చూడలేదు. అడిగితే ఆ మనిషి "నేచురల్ లుక్ అక్కా" అన్నాడు.

బాబాయి ఆ కలుపంతా పీకించి, పక్క ఊరి రైతు దగ్గర తోటలోనే 20 కిలోల బంతిపూలు తూకం వేయించి తెచ్చాడు. మామిడాకులు, అరటి బోదెలు మనవే. రెండున్నర గంటల్లో కట్టేశారు, నిజం చెప్పాలంటే అదే బాగుంది.

అడవి పూలు వద్దని కాదు. ఏ పూలు, ఎన్ని కిలోలు, ఎప్పుడు కోస్తారు అని పేరు పేరునా వాట్సాప్‌లో రాయించుకోండి. "వైల్డ్ ఫ్లవర్స్" అని ఊరుకుంటే దాంట్లో వయ్యారిభామ కూడా పడుతుంది. మీ పెళ్లి నెలలో ఆ పూలు పూస్తాయా అని డెకరేటర్ని కాదు, ఊళ్లో ఎవరైనా పెద్దావిడను అడగండి. మాఘ ఫాల్గుణాలైతే మోదుగ పూలు దొరుకుతాయి. గునుగే కావాలంటే బతుకమ్మ అప్పుడే కోసి, కట్టలు కట్టి నీడన తలకిందులుగా వేలాడదీయండి, ఎండినా ఆకారం పోదు. రంగు మాత్రం అద్దనివ్వొద్దు. గన్నేరు ఒళ్లంతా విషం, పిల్లలు తిరిగే చోటా వంటల దగ్గరా పెట్టనివ్వకండి. అడ్వాన్స్ మూడో వంతు దాటొద్దు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటలు దాచి ఉంచాను. 5 లక్షల లోపు కొనుగోలుకు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు లేదు, అక్కడిదాకా వెళ్లాలనే ఉంది. ఆయన మాత్రం మిగిలిన 13 వేల కోసం రోజూ ఫోన్ చేస్తున్నాడు.