అత్యవసర వైద్యం మెరుగు, క్యాన్యులా విషయంలో అజాగ్రత్త

మధుమేహమున్న మా నాన్నగారిని అర్ధరాత్రి ఆయాసంతో చేర్చినప్పుడు ఈ ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగపు వైద్యులు వెంటనే స్పందించి ప్రాణం నిలబెట్టారు, అందుకు కృతజ్ఞుణ్ణి. అయితే ఆ హడావుడిలో, చర్మాన్ని సరిగా శుభ్రపరచకుండానే ముంజేతికి పెట్టిన క్యాన్యులాను (మందులు ఎక్కించేందుకు రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టం), అటువంటి సందర్భాల్లో 48 గంటలలోపు మార్చాలన్న నియమం ఉన్నప్పటికీ, మూడో రోజు చెయ్యి ఎర్రబడి చలిజ్వరం వచ్చేవరకు ఎవరూ తీయలేదు. రక్తంలో క్రిములను గుర్తించే బ్లడ్ కల్చర్ పరీక్షలో స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా బయటపడింది. వయసు, మధుమేహం, డయాలసిస్ వంటివి ఇలాంటి ఇన్ఫెక్షన్ విషయంలో రోగితోపాటే వచ్చే ముప్పులు. క్యాన్యులా పెట్టిన తేదీ, సమయం పట్టీపై రాయడం, మందు ఎక్కించే ముందు దాని మూతిని స్పిరిట్‌తో రుద్దడం, అవసరం తీరగానే తొలగించడం మాత్రం పూర్తిగా సిబ్బంది చేతిలోని పనులు. ఐసీయూ నర్సులు ఇవన్నీ ఎంతో శ్రద్ధగా చేశారు. అత్యవసర విభాగంలో ఆ శ్రద్ధ కనిపించలేదు. వైద్యానికి నాలుగు నక్షత్రాలు, పరిశుభ్రతకు రెండు.