కామ్రీ వెనక స్ట్రట్లు ఇంట్లోనే మార్చేవాళ్లకు రెడీమేడ్ అసెంబ్లీ: డబ్బుకు తగ్గదేనా?

2007 నుంచి 2011 వరకు వచ్చిన టొయోటా కామ్రీలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ల ఇళ్ల ముందు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. ఇంజన్ నిక్షేపంగా ఉంటుంది, వెనక సస్పెన్షన్ మాత్రం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మన్రో కంపెనీ 50,000 మైళ్లకు షాకులు (గతుకుల్లో కారు ఊగకుండా ఆపే గొట్టాలు), స్ట్రట్లు (స్ప్రింగును కూడా తన మీదే మోసే షాకులు) మార్చమని చెబుతుంది. దానికి రెండింతలు, మూడింతలు తిరిగినా వాటి జోలికి వెళ్లనివాళ్లే ఎక్కువ.

కొనే ముందు నిజంగా స్ట్రట్టే పోయిందో లేదో చూసుకోవాలి. కారు వెనక మూల మీద బరువంతా వేసి నొక్కి వదిలితే ఒక్కసారి లేచి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగిందంటే దాని పని అయిపోయినట్టే. టైరు చుట్టూ అరచేయి పెట్టి రాస్తే అక్కడక్కడ చెంచాతో తోడినట్టు గుంటలు తగలడం ఇంకో గుర్తు. స్ట్రట్ ఒంటి మీద పల్చగా నూనె తడి ఉంటే కంగారు పడక్కర్లేదు, కిందదాకా ధార కట్టి దుమ్ము ముద్దలా పేరుకుంటేనే సీలు పోయినట్టు. స్పీడ్ బ్రేకర్ మీద టక్ టక్‌మని చప్పుడు మాత్రమే వస్తోంటే మొదట స్టెబిలైజర్ లింకు (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కు కలిపే చిన్న ముక్క) చూడండి. చిన్న లింకుతో పోయేదానికి స్ట్రట్లు మార్చి డబ్బు తగలేసుకోవద్దు.

ఇక సరుకు సంగతి. రెండు రకాలుగా దొరుకుతుంది. కేవైబీ కంపెనీ ఎక్సెల్-జీ లాంటిది ఉత్త స్ట్రట్. పాత స్ప్రింగు, పైన మౌంటు (కారు బాడీకి బిగించే భాగం), రబ్బరు తొడుగు అన్నీ ఊడదీసి కొత్తదాని మీదకు మార్చుకోవాలి. మన్రో క్విక్-స్ట్రట్, కేవైబీ స్ట్రట్-ప్లస్ అలా కాదు. స్ప్రింగు, మౌంటు, బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ కాసే దిమ్మ) బిగించి, డబ్బాలోంచి తీసి పెట్టేసుకునేలా వస్తాయి. ఖరీదు ఎక్కువే. కానీ ఇంటి ముందు పనిచేసుకునేవాళ్లు ఆ తేడా పెట్టుకుని తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. కారణం ఒక్కటే, ఉత్త స్ట్రట్ మీదకు పాత స్ప్రింగు మార్చాలంటే కావాల్సిన స్ప్రింగు కంప్రెసర్, అంటే స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు. ఆటోజోన్ విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి ఆ పనిముట్టు అరువు తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. అయితే నొక్కిపెట్టిన స్ప్రింగు ఒక్క కొక్కెం జారినా దవడ పగులుతుంది, వేళ్లు పోతాయి. మొదటిసారి చేసేవాళ్లు దాంతో నేర్చుకోకూడదు.

లోటు లేకపోలేదు. రెడీమేడ్ అసెంబ్లీలో వచ్చే స్ప్రింగు టొయోటాది కాదు. కారు వెనక భాగం ఇదివరకటికంటే కాస్త ఎత్తుగా, మొదట్లో కొంచెం గట్టిగా అనిపించవచ్చు. అందుకే ఒక్క పక్కే మార్చడం పనికిరాదు. కొత్త స్ప్రింగు ఒక వైపు, కుంగిన పాతది ఇంకో వైపు ఉంటే కారు వంకరగా నిలబడుతుంది. పాత మెత్తదనమే కావాలనుకునేవాళ్లు ఎక్సెల్-జీ, కొత్త మౌంట్లు కొని, స్ట్రట్లు తామే ఊడదీసి, స్ప్రింగు మార్పిడి వరకు షాపులో చేయించుకోవచ్చు. అదీ మంచి దారే.

డబ్బా రాగానే కుడి, ఎడమ గుర్తులు చూసుకోండి. పైన మూడు స్టడ్లకూ (నట్లు ఎక్కే మరల కడ్డీలు) కింద బ్రాకెట్‌కూ ఉన్న వరస పాతదానితో పోల్చండి. ఒక్కోసారి మౌంటు కొద్దిగా తిరిగి ఉంటుంది. కారు కింద పడుకున్నాక తెలిస్తే నరకం.

పనిముట్లు: జాకీ, రెండు జాక్ స్టాండ్లు, చక్రం నట్లకు 21 ఎంఎం సాకెట్, పై నట్లకు 14 ఎంఎం సాకెట్, పొడవాటి బ్రేకర్ బార్, అలెన్ కీలు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా), తుప్పు వదిలించే స్ప్రే. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఆ స్ప్రే ముందురోజు రాత్రే కొట్టి ఉంచాలి.

సగం పని కారు లోపలే. పై నట్లు వెనక సీటు వెనక, పార్సెల్ షెల్ఫ్ (వెనక అద్దం కింది పలక) కింద దాక్కుని ఉంటాయి. సీటు కింది భాగాన్ని ముందు అంచు పట్టుకుని పైకి లాగితే క్లిప్పులు వదులుతాయి. తర్వాత వీపు భాగం, పక్క దిండ్లు, అద్దం పక్క ప్లాస్టిక్, షెల్ఫ్. ఆ ప్లాస్టిక్ పక్కనే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ముందే బ్యాటరీ నెగెటివ్ తీసి, కనీసం 90 సెకన్లు ఆగి మొదలుపెట్టండి.

కారు స్టాండ్ల మీద నిలిపి చక్రం తీశాక, నకుల్ (చక్రాన్ని మోసే లోహపు భాగం) కింద జాకీ ఆనించండి. లేకపోతే బరువంతా బ్రేక్ గొట్టానికి వేలాడుతుంది. ఆ గొట్టం బ్రాకెట్, ఏబీఎస్ వైరు క్లిప్పు స్ట్రట్ నుంచి విడదీయాలి. వైరు మరిచి లాగితే తెగుతుంది, డ్యాష్‌బోర్డు మీద దీపాలు వెలుగుతాయి. స్టెబిలైజర్ లింకు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. నట్టు తిప్పుతుంటే లోపలి స్టడ్ కూడా తిరుగుతూ పోతుంది. స్టడ్ కొసన ఉన్న గుంటలో అలెన్ కీ పెట్టి పట్టుకుని, నట్టును రింగు పానాతో తిప్పాలి. గుంటలోని మట్టిని ముందు మేకుతో గీకి తీయకపోతే కీ జారి దాని అంచులు అరిగిపోతాయి. అప్పుడిక కోసేయడమే, కాబట్టి కొత్త లింకులు రెండు దగ్గర పెట్టుకోవడం మంచిది.

కింద పెద్ద బోల్టులు రెండు. బోల్టు తల కదలకుండా పట్టి నట్టునే తిప్పండి. చివరగా పైన మూడు నట్లు, ఒకరు కింద స్ట్రట్ పట్టుకుని ఉండాలి. మధ్యలో కనిపించే పెద్ద నట్టును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి. స్ప్రింగు బలాన్ని ఆపి ఉంచేది అదే.

బిగింపు విప్పిన వరసకు సరిగ్గా తలకిందులు. మూడు నట్లూ చేత్తో ఎక్కించాకే కింద బోల్టులు పెట్టాలి. టార్క్ అంకెలు మాన్యువల్‌లో చూసి బిగించండి. చక్రం నట్లకు 76 ఫుట్-పౌండ్లు. పని కాగానే నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి, వాయిదా వేస్తే కొత్త టైర్లు కూడా పాతవాటిలాగే అరుగుతాయి.

హోండా ఫిట్ లాంటి కార్లున్నవాళ్లకు ఈ అసెంబ్లీలు అక్కర్లేదు. వాటిలో వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు. ఉత్త షాకులే కొని, నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి లాగి గాలి పోగొట్టి పెట్టుకోవచ్చు. రాడ్డును ప్లయర్‌తో పట్టుకుంటే గీతలు పడి సీలు చిరుగుతుంది. యాక్సిల్ కింద జాకీ ఉంచి, ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పండి. కింది బోల్టును చక్రాల మీద కారు బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో వేలాడుతున్నప్పుడే బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగి ఉండిపోయి త్వరగా చీలిపోతుంది.